పల్లేరు గింజ, పరక చేప: దీవుల మీద పక్షుల సంసారం

ఏప్రిల్ నాటికి సోమశిల దగ్గర కృష్ణ బాగా లోపలికి తగ్గిపోతుంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నీరు 885 అడుగుల మట్టం వరకు నిలుస్తుంది. వేసవిలో అది దిగుతున్నకొద్దీ బండలు, ఇసుక మేటలు, 1980ల మొదట్లో మునిగిన ఊళ్ల మొండిగోడలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. అలా లేచిన ఒక మేటకు దూరంగా, దాని మీది పక్షులు బెదరనంత దూరంలో, మా పుట్టి మెల్లగా సాగుతోంది. మేట మీద ముప్పై దాకా తెల్లటి పక్షులున్నాయి. నెత్తిన నల్లటి టోపీ, పసుపుపచ్చని ముక్కు, ఎర్రటి కాళ్లు, లోతుగా చీలిన తోక. శాస్త్రజ్ఞులు రివర్ టెర్న్ అంటారు. నేను నది టెర్న్ అని రాసుకుంటాను. గూడంటూ ఏమీ కట్టదు. ఉత్త ఇసుకలో చిన్న గుంట చేసి, ఇసుక రంగులోనే రెండు మూడు గుడ్లు పెడుతుంది.

పుట్టి నడిపే పెద్దాయన అడిగాడు. "సార్, ఆ మేట మీద గడ్డిపోచ కూడా లేదు. తినడానికి ఏముందని అక్కడ గుడ్లు పెడతాయి?"

చేపలు తింటాయి కదా అన్నాను. ఆయన తృప్తి పడలేదు. "చేపలు నదంతా ఉన్నాయి. మరి ఈ మేటే ఎందుకు?"

పక్షి ఏం తింటుంది, ఎక్కడ పిల్లల్ని కంటుంది అనే రెండు ప్రశ్నలను మనం విడివిడిగా అడగడానికి అలవాటు పడ్డాం. పక్షుల పుస్తకాల్లో కూడా 'ఆహారం' ఒక పేరాలో, 'సంతానం' మరో పేరాలో ఉంటాయి. ఆయన రెండింటినీ ఒకే ప్రశ్నగా అడిగాడు. అదే సరైన ప్రశ్న. పక్షి ఎన్ని గుడ్లు పెడుతుంది, జోడీతో ఉంటుందా లేక గుంపులో కలిసిపోతుందా, పిల్లల్ని ఎవరు సాకుతారు, ఏ నెలలో సాకుతారు అనేవన్నీ చాలావరకు దాని కంచంలో ఏముందన్న దాన్ని బట్టి నడుస్తాయి. ఈ సంగతి మనకు ఇంత వివరంగా తెలిసింది ముఖ్యంగా దీవుల వల్ల.

అయితే దీవి అన్న ఒక్క మాటలో రెండు వేరువేరు సంగతులున్నాయి. కొన్ని పక్షులకు దీవే పొలం, దీవే ఇల్లు. అక్కడే పుట్టి, అక్కడే మేసి, అక్కడే రాలిపోతాయి. మరికొన్నింటికి దీవి పురిటిగది మాత్రమే, తిండి చుట్టూ ఉన్న నీటిలో దొరుకుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే ఎంత చదివినా తికమకే మిగులుతుంది. నాకూ చాలాకాలం అలాగే మిగిలింది.

మొదటి రకానికి ఉదాహరణ చెప్పాలంటే పల్లేరు కాయ దగ్గర మొదలుపెట్టాలి. పాలమూరు చెలకల్లో చెప్పుల్లేకుండా నడిచిన వారెవరికీ పల్లేరును పరిచయం చేయనక్కరలేదు. ఆ మొక్కకు దగ్గరి చుట్టం ఒకటి పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో, డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి మీద పెరుగుతుంది. ఆ దీవి విస్తీర్ణం మొత్తం సుమారు 84 ఎకరాలు. అక్కడ 1973లో శాస్త్రజ్ఞులైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు పని మొదలుపెట్టి 40 ఏళ్లు కొనసాగించారు. వారు చూసింది పిచ్చుకంత ఉండే ఫించ్ పక్షులను. దాదాపు ప్రతి పక్షి కాలికీ రంగురంగుల కడియాలు వేశారు, ముక్కు లోతును కొలిచారు. నేల మీద గడులు గీసి, ఏ గడిలో ఏ గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు.

1976 వానాకాలంలో ఆ దీవి మీద 127 మిల్లీమీటర్ల వాన పడింది. 1977లో పడింది 24 మాత్రమే. మెత్తని చిన్న గింజలు త్వరలోనే అయిపోయాయి. మిగిలినవి పెద్దవి, గట్టివి, అందులోనూ పల్లేరు కాయలు. దాన్ని పగలగొట్టి లోపలి గింజను తీయాలంటే లోతైన, బలమైన ముక్కు కావాలి. మధ్యరకం నేల ఫించ్‌ల సంఖ్య ఆ కరువులో సుమారు 85 శాతం పడిపోయింది. బతికి బయటపడ్డవాటి సగటు ముక్కు లోతు అంతకుముందు ఉన్న సగటు కంటే దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ. అర మిల్లీమీటరంటే కంటికి ఆనదు. కానీ పల్లేరు కాయ ముందు కూర్చున్న పక్షికి అది చావుకూ బతుకుకూ మధ్య దూరం. పెద్ద ముక్కున్న తల్లిదండ్రులకు పెద్ద ముక్కున్న పిల్లలే పుడతాయి కాబట్టి తరవాతి తరంలో కూడా ఆ తేడా కనిపించింది.

సంతానం సంగతి కూడా ఇక్కడే ఉంది. ఈ ఫించ్‌లు తేదీ చూసి గుడ్లు పెట్టవు, వాన చూసి పెడతాయి. వాన పడితే పురుగులు వస్తాయి, పిల్లలకు మెత్తని తిండి దొరుకుతుంది. 1977లో వాన లేదు, ఆ ఏడు గూళ్లలో పిల్లలు లేనట్టే. 1983లో ఎల్ నినో వల్ల ఆ దీవి మీద వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. తీగలు అల్లుకొని పల్లేరును కప్పేశాయి, చిన్న గింజలు గుట్టలుగా రాలాయి, పక్షులు నెలల తరబడి ఒక ఈత తరవాత మరో ఈత పిల్లల్ని లేపాయి. ఆ తరవాత వచ్చిన ఎండు కాలంలో ఈసారి చిన్న ముక్కులకే మేలు జరిగింది. 'పెద్ద ముక్కు మంచిది' అనే సూత్రం ఏదీ లేదు. ఏ ఏడు నేల మీద ఏ గింజ మిగిలిందన్నదే లెక్క.

ఇదంతా డాఫ్నీ మీదే ఎందుకు తేలింది? ఫించ్ అక్కడి నుంచి బయటికి పోవడం అరుదు. నల్లమలలో ఒక పిట్టకు కడియం వేశామనుకుందాం. ఏడాది తరవాత అది కనిపించకపోతే చనిపోయిందా, పక్క లోయకు వెళ్లిందా? చెప్పలేం. దీవి మీద కనిపించకపోతే దాదాపు ఖాయంగా చనిపోయినట్టే. పుట్టిన ప్రతిదానికీ, పోయిన ప్రతిదానికీ లెక్క తేలే చోటు ప్రకృతిలో చాలా అరుదు. ఊరి ధాన్యం లెక్క, ఇంటింటి జనాభా లెక్క ఒకే దస్త్రంలో దొరికినట్టు.

ఆ దస్త్రాన్ని ఇంకా లోతుగా చదివినవారు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో పనిచేసినవారు. కజిన్ అనే దీవి 70 ఎకరాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 1960లలో ప్రపంచం మొత్తం మీద సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలు అక్కడ మాత్రమే, అదీ ఇంచుమించు 30 మాత్రమే మిగిలాయి. 1968లో పక్షి సంరక్షకులు ఆ దీవిని కొని, కొబ్బరి తోటను అదుపుచేసి, పాత అడవిని తిరిగి పెరగనిచ్చారు. పిట్టలు 300 దాటాయి. దీవి నిండిపోయింది. 1980లలో డచ్ శాస్త్రజ్ఞుడు యాన్ కోమ్డర్ అక్కడ పనిచేయడం మొదలుపెట్టాడు. ఈ పిట్ట ఆకుల అడుగున ఉండే పురుగుల్ని ఏరుకొని తింటుంది కాబట్టి ఆయన ఆకుల అడుగున పురుగుల్నే లెక్కపెట్టాడు. ఏ జంట తనదిగా కాచుకొనే హద్దులో ఎంత తిండి ఉందో అంకెల్లో వచ్చింది.

ఈ పిట్టల్లో ఎదిగిన పిల్లలు, ముఖ్యంగా ఆడవి, వెళ్లిపోకుండా తల్లిదండ్రుల దగ్గరే ఉండి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకడంలో సాయపడతాయి. మన పల్లెల్లో పెద్దకూతురు చంటివాణ్ణి చంకనెత్తుకొని తిరిగిన కాలం గుర్తొస్తుంది. అయితే ఆ సాయం తిండి దండిగా ఉన్న చోటే సాయం. పురుగులు తక్కువున్న చోట ఇంట్లో మరో నోరు ఉంటే నష్టమే. దానికి తగ్గట్టుగా, సాయం చేసేవారు లేని జంటల్లో, మంచి హద్దులున్నవాటికి పుట్టిన పిల్లల్లో మగవి 13 శాతమే, మిగతావన్నీ ఆడవే. పేద హద్దుల్లో మగవి 77 శాతం. మగపిల్ల ఎదిగి దూరం వెళ్లిపోతుంది, ఇంటి తిండికి భారం కాదు. తిండి లెక్క పుట్టబోయే పిల్ల ఆడా మగా అన్నదాన్ని కూడా కదిలిస్తోందన్న మాట! నేను ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అనుమానం రావాలి, రావడం మంచిది. మంచి హద్దు దక్కించుకున్న జంటలు పుట్టుకతోనే వేరు రకం జంటలు కావచ్చు కదా? తిండి వల్లే ఇలా జరిగిందని ఎలా చెప్పగలం? జవాబు కోసం పిట్టల్నే తరలించారు. 1988లో 29 పిట్టల్ని పట్టి, పురుగులు సమృద్ధిగా ఉన్న అరిద్ అనే పక్క దీవిలో వదిలారు. తరవాత కజీన్ అనే మరో దీవికీ కొన్నింటిని పంపారు. పేద హద్దుల్లో మగపిల్లల్ని కంటూ వచ్చిన జంటలు తిండి ఉన్న కొత్త చోటుకు చేరగానే ఆడపిల్లల్ని కనసాగాయి. ఇంకో సంగతి. కొత్త దీవిలో ఖాళీ జాగా ఉన్నంతకాలం ఎదిగిన పిల్లలు సొంత కాపురం పెట్టుకొని వెళ్లిపోయాయి. మంచి హద్దులన్నీ నిండిన తరవాతే అమ్మానాన్నల దగ్గర ఉండిపోవడం మొదలైంది. జంట అదే, చోటు మారింది, నడత మారింది. గమనిక రుజువుగా మారేది ఇటువంటి చోట.

దీవి అంటే సముద్రమే ఉండాలని లేదు. వ్యవసాయ బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాని గూళ్లు చూడండి. కింద నీరు, చుట్టూ ముళ్లు. గూటివరకు నడిచి వచ్చే శత్రువుకు అదీ ఒక దీవి వంటిదే. పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ 1930లో బొంబాయికి దగ్గరలోని కిహీంలో గిజిగాళ్లను గమనించి, మగ పక్షి సగం గూడు కట్టి ఆడదానికి చూపిస్తుందనీ, ఆమె ఒప్పుకున్నాక పూర్తి చేసి మరో గూడు మొదలుపెడుతుందనీ రాశాడు. ఆ తరవాత ఆయన హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వేకు వచ్చి, మన అమ్రాబాద్ పీఠభూమి మీది ఫరహాబాద్ అడవుల్లోనూ తిరిగాడు. మగ గిజిగాడు పిల్లల బాధ్యతను పెద్దగా పట్టించుకోకుండా ఇన్ని గూళ్లు ఎలా కట్టగలుగుతోంది? ఈ ప్రశ్నకు 1964లో జాన్ క్రూక్ అనే శాస్త్రజ్ఞుడు ఇచ్చిన సమాధానం మళ్లీ కంచం దగ్గరికే వస్తుంది. ఆయన ఆఫ్రికా, ఆసియాల్లోని సుమారు 90 రకాల నేతపిట్టల్ని, అంటే గిజిగాని కోవ పక్షుల్ని, పోల్చి చూశాడు. అడవిలో పురుగులు ఏరుకొనే రకాలు జంటలుగా, ఎవరి హద్దులో అవి ఉంటాయి. పురుగు అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతుంది, ఇద్దరూ మోస్తేగాని పిల్లలు బతకవు. గడ్డి మైదానాల్లో గింజలు తినే రకాలు గుంపులుగా గూళ్లు కడతాయి, ఒక మగదానికి పలు ఆడవి ఉంటాయి. గింజ పండినప్పుడు ఒకేచోట రాశులుగా పండుతుంది, కాపలా కాసి లాభం లేదు, ఒక్క తల్లి పిల్లల్ని సాకుకోగలదు. వరి కంకి పాలు పోసుకునే వేళకు గిజిగాడు గూడు కట్టడం కాకతాళీయం కాదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు తిరిగి వద్దాం. నది టెర్న్‌కు దీవి పురిటిగది. తిండి బయట. అందుకని దాని లెక్క గింజలతో మొదలవదు, దూరంతో మొదలవుతుంది.

దీని దూరపు బంధువు సూటీ టెర్న్ నడిసముద్రపు పక్షి. మన లక్షద్వీపాల్లోని పిట్టి అనే ఇసుక దిబ్బ మీద అవి పిల్లల్ని చేస్తాయి. తిండికోసం తీరం వదిలి చాలా దూరం ఎగరాలి, తెచ్చేది కాస్తే. అది పెట్టేది ఒకే గుడ్డు. నది టెర్న్‌కు చేప గూటి ముందే ఉంది. ఎగిరి, మునిగి, ముక్కున అడ్డంగా పరక చేపను పట్టుకొని నిమిషాల్లో తిరిగి వస్తుంది. అందుకే మూడు గుడ్ల వరకు పెట్టగలదు. పక్షి తాను సాకగలిగినన్ని పిల్లలకు సరిపడా గుడ్లే పెడుతుందని ఇంగ్లండుకు చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్ వాదించాడు. దగ్గర్లో మేసేవాటికి రెండు మూడు, దూరం పోయేవాటికి ఒకటి అన్న ఈ తేడాను ఆయనే ఎత్తి చూపాడు. అయితే ఆ వాదం అన్నిచోట్లా అంత శుభ్రంగా నిలవలేదు. స్కాట్లండు దగ్గర బాస్ రాక్ అనే దీవి మీద ఒక్క గుడ్డే పెట్టే గానెట్ అనే సముద్ర పక్షుల గూళ్లలో 1960లలో రెండో పిల్లను పెట్టి చూశారు. చాలా జంటలు ఇద్దరినీ సాకేశాయి. అంటే ఆ ఏళ్లలో అక్కడి సముద్రం పక్షి లెక్క కంటే ఎక్కువే ఇస్తోంది. గుడ్ల సంఖ్య ఈ ఏటి తిండికి కాక ఎన్నో తరాల తిండికి కుదిరిన సగటు కావచ్చు. నాకు ఇదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

కాలం సంగతి కూడా అంతే. అట్లాంటిక్ మహాసముద్రంలోని అసెన్షన్ దీవి మీద సూటీ టెర్న్‌లు పన్నెండు నెలలకు ఒకసారి కాక దాదాపు తొమ్మిదిన్నర నెలలకు ఒకసారి పిల్లల్ని చేస్తాయి. అక్కడి సముద్రంలో ఋతువుల తేడా తక్కువ, ఒంట్లో శక్తి కూడగానే మళ్లీ మొదలు. మన నది టెర్న్‌కు ఆ స్వేచ్ఛ లేదు. మేట తేలేది వేసవిలో మాత్రమే.

మరి మేటే ఎందుకు? ఒడ్డున నక్క, ఊరకుక్క, ముంగిస, ఉడుము, పాము ఉన్నాయి. ఇసుకలో దాపరికం లేని గుడ్డుకు నీరే ప్రహరీ. తిండికీ భద్రతకూ మధ్య బేరంలో మేట నెగ్గుతుంది. పుట్టిలో ఈ జవాబు చెప్పినప్పుడు పెద్దాయన తల ఊపాడు.

ఇదంతా మేట మీద కాలు పెట్టకుండా తెలుసుకోవడం ఎలా? గూళ్ల దగ్గరికి వెళ్లడానికీ, కడియాలు వేయడానికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. నా వంటివారికి అది లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మే నెల మధ్యాహ్నం ఇసుక 50 డిగ్రీలు దాటుతుంది. గుడ్డులోని జీవానికి కావలసింది 37, 38 డిగ్రీల దగ్గర. అప్పుడు తల్లి గుడ్డు మీద కూర్చునేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. ఈ కోవ పక్షులు నీటిలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచడం కూడా ఉంది. మనిషి దగ్గరికి వెళ్లి తల్లిని పది నిమిషాలు లేపితే చాలు, గుడ్లు ఉడికిపోతాయి. అందుకే ఎదుటి ఒడ్డున బండ నీడలో, పొద్దున ఎనిమిదిలోపు, మూడుకాళ్ల మీద దుర్భిణి.

టెర్న్ చేపను ముక్కున అడ్డంగా పట్టుకొని రావడం గమనించేవారికి వరం. కొంగ మింగేస్తుంది, దాని పొట్టలో ఏముందో తెలియదు. పాతకాలంలో దానికోసం పక్షిని చంపి కోసేవారు. టెర్న్ అయితే తన కూరగాయల సంచిని చూపిస్తూ వస్తుంది. చేప పొడవు ముక్కు పొడవుకు ఎన్ని రెట్లుందో అంచనా వేసి రాసుకుంటే చాలు. గుడ్లకు ముందే ఈ లెక్క మొదలుపెట్టాలి, ఎందుకంటే మగది ఆడదానికి చేప తెచ్చి ముక్కుకు అందించే రోజులవి. అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో కామన్ టెర్న్‌లను గమనించిన ఇయాన్ నిస్బెట్, ఎక్కువ చేపలు తెచ్చిన మగదాని జంట పెట్టే గుడ్లు బరువైనవనీ, వాటి పిల్లలు బాగా నిలదొక్కుకుంటాయనీ 1973లో చూపాడు. మనకు సరసంగా కనిపించేది నిజానికి గుడ్డులోకి వెళ్లే మాంసకృత్తుల సరఫరా. రెండూ ఒకేసారి నిజం కావడంలో నాకు విరోధం కనిపించదు.

ఎన్ని గూళ్లు నెగ్గాయన్న లెక్కలో మాత్రం పెద్ద ఉచ్చు ఉంది. నేను మొదటి ఏడు అందులో పడ్డాను. ఉదాహరణకు 20 గూళ్లు కనిపెట్టామనుకుందాం, వాటిలో 8 పాడయ్యాయి, 12 నెగ్గాయి. 60 శాతం అని రాసుకుంటాం. తప్పు. మనం వెళ్లకముందే పాడైన గూళ్లు మన లెక్కలోకి రానేలేదు. మన కంట పడినవి అప్పటికే కొన్ని రోజులు బతికి గట్టెక్కినవి. నూరేళ్లు దాటినవారినే పలకరించి, ఈ ఊళ్లో అందరూ దీర్ఘాయుష్మంతులే అన్నట్టుంటుంది. దీనికి 1961లో అమెరికా పక్షి పరిశీలకుడు హెరాల్డ్ మేఫీల్డ్ చెప్పిన మందు చాలా సులువు. గూళ్లను కాక గూటి-రోజులను లెక్కపెట్టాలి. ఆ 20 గూళ్లను మనం చూసిన రోజులన్నీ కూడితే 200 అయ్యాయనుకుందాం. 200 రోజుల్లో 8 నష్టాలు, అంటే రోజుకు నూటికి నాలుగు. పొదుగు కాలం మూడు వారాలు. ప్రతిరోజూ నూటికి 96 మిగులుతూ పోతే 21 రోజుల తరవాత మిగిలేది 42. 60 కాదు, 42. ఒక జాతి నిలుస్తుందా తరిగిపోతుందా అన్న తీర్పు ఈ రెండంకెల మధ్యే ఉంటుంది. నది టెర్న్ ఇప్పటికే అంతర్జాతీయంగా ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది కాబట్టి ఈ తేడాను తేలిగ్గా తీసుకోలేం.

ఇక నష్టానికి కారణం. నా పుస్తకంలో ప్రతి గూటికీ ఎదురుగా ఒక గడి గీశాను. నీరు, కుక్క, కాకి, ఎండ, తెలియదు. పైనుంచి నీరు వదిలి మేట అంచు మునిగితే 'నీరు'. మే రెండో వారంలో మేటకూ ఒడ్డుకూ మధ్య పాయ మోకాలి లోతుకు వచ్చింది. ఆ తెల్లవారి ఒక ఊరకుక్క పాయలో నడిచి అటు వెళ్లడం దుర్భిణిలో చూశాను. పక్షులన్నీ గాలిలో లేచి అరిచాయి, మీదికి దూకాయి. అది వెనక్కి రావడానికి అరగంట పట్టింది. అయిదు గూళ్ల ఎదురుగా 'కుక్క' అని రాశాను.

సాయంత్రం పెద్దాయనకు పుస్తకం చూపించాను. గడులన్నీ చదివించుకొని విన్నాడు. "ఈ రెండూ వేరుగా ఎందుకు రాశారు సార్? రెండూ నీళ్లే కదా. పెరిగితే మునుగుతాయి, తగ్గితే కుక్క నడిచి వస్తుంది."

డాఫ్నీకీ కజిన్‌కూ ఉన్న హద్దు సముద్రం గీసింది, అది కదలదు. మా మేటకున్న హద్దును ఆనకట్ట తలుపులు రోజూ చెరిపి మళ్లీ గీస్తున్నాయి. ఎంత చేప ఉంది, ఎంత ఎండ ఉంది అని రాస్తూ, ఆ పక్షికి అన్నిటికంటే ముఖ్యమైన అంకెనే నేను వదిలేశాను. ఇప్పుడు నా పుస్తకంలో ప్రతి పేజీ పైన, తేదీకి పక్కనే, ఆ రోజు జలాశయం నీటిమట్టం అడుగుల్లో ఉంటుంది.